తెలుగు నుంచి తెలుగుకి దుబాసీ

మా కొమరాజులంక తూము లస్కరు గవర్రాజుకి మతి స్థిమితంగా ఉందో లేదో తేల్చడానికి ప్రభుత్వం వారికి పదకొండు రోజులు పట్టింది. నన్నడిగితే ఒక చుట్ట కాలేలోపు చెప్పేవాణ్ణి. నన్నడగలేదు. అడగకపోగా, అతను చెప్పిన మాట వాళ్లకీ, వాళ్లు చెప్పిన మాట అతనికీ అందించే ఉద్యోగం నాకిచ్చారు. డెబ్బై ఆరో ఏట నాకు దొరికిన మొదటి సర్కారు కొలువు అది.

లస్కరంటే తెలియని వాళ్లుంటారేమో. కాలవ గట్టున తూము తలుపులు ఎత్తీ దించీ పొలాలకి నీళ్లు పంచే మనిషి. గవర్రాజు ముప్పై ఏళ్లుగా ఆ పనిలోనే ఉన్నాడు. అతను షట్టరు హ్యాండిల్ తిప్పాడంటే, ఆ కీచుమనే చప్పుడుకి మూడూళ్ల గేదెలూ లేచి కాలవ వైపు తిరిగి నిలబడేవి. మా పెయ్య అయితే తాడు తనే విప్పుకునేది. చూశాను కాబట్టి చెబుతున్నాను.

అతనికున్నది ఒక్కటే జబ్బు. ఉన్నదున్నట్టు చెబుతాడు. పెళ్లి భోజనంలో వంకాయ కూర ఎలా ఉందని అడిగితే, ఉప్పెక్కువైందని వెళ్లి ఆడపెళ్లివారి పెద్దకే చెప్పాడు. ఆ జబ్బే అతన్ని మతి తేల్చే మండలి దాకా తీసుకెళ్లింది.

జూన్ మొదటి వారంలో కాలవకి నీళ్లు వదిలేశామని పై ఆఫీసు కాగితం పంపింది. తూము గోడ మీద అడుగులూ అంగుళాలూ గీసుంటాయి. లస్కరు రోజూ పొద్దున్నే చూసి నీటి మట్టం పుస్తకంలో ఎక్కించాలి. నాలుగడుగులని ఎక్కించమని పై నుంచి కబురొచ్చింది. గవర్రాజు వంగి చూసి, ‘నీళ్లు లేవు. కప్పలు రెండు ఉన్నవి’ అని రాశాడు.

ఇంజనీరు గారు జీపులో వచ్చారు.

“ఏమయ్యా, నాలుగడుగులని చెప్పించాను కదా.”

“ఆయ్, చెప్పించారండి. చూస్తే లేవండి.”

“ఎగువ తూముల వాళ్లంతా రాశారే.”

“ఆళ్లకి ఉన్నాయేమోనండి. నాకు కప్పలే ఉన్నాయండి.”

ఇంజనీరు గారు కాసేపు కాలవలోకి చూసి, “జిల్లా మొత్తానికి కనిపిస్తున్న నీళ్లు నీ ఒక్కడికే కనిపించడం లేదంటే, లోపం నీళ్లలో ఉండదు గవర్రాజూ” అన్నారు. కోపం లేదు ఆయన గొంతులో. జాలి ఉంది. ఆ సాయంత్రానికే, సదరు ఉద్యోగిని మానసిక సామర్థ్య నిర్ధారణ మండలికి పంపవలసిందని ఉత్తర్వు వచ్చింది.

తమాషా ఏమిటంటే, మర్నాడు నిజంగానే నీళ్లొచ్చాయి. నాలుగడుగులు, నిండుగా. కానీ అప్పటికే తూముకి లక్క సీలు వేసేశారు. మనిషి విచారణలో ఉంటే అతని చేతికింది తలుపు కూడా విచారణలో ఉన్నట్టేనట. కాలవ నిండా నీళ్లు, గట్టుకి ఇవతల మూడూళ్ల నారుమళ్లు, మధ్యన సీలు. తొలకరి తడికి నారు పోసి అప్పటికి పది రోజులు.

గవర్రాజుకి తోడుగా ఎవరో ఒకరు వెళ్లాలన్నారు. చేతిలో పని లేని పెద్దమనిషినీ, తూముకి చిట్టచివర అరెకరం నారుమడి ఉన్నవాణ్ణీ నేనే. బయల్దేరాను.

మండలి జిల్లా కేంద్రంలో పెద్దాసుపత్రి వెనక ఉంది. మొదటిరోజు వరండాలో కూర్చున్నాం. లోపల్నుంచి డాక్టరమ్మ వచ్చింది. చూద్దును కదా, మా కాలవ గట్టు మీది పక్కూరి పిల్ల, సువర్చల. చిన్నప్పుడు మా తూము గోడ మీంచి కాలవలోకి దూకుతుంటే గవర్రాజు ఎన్నిసార్లు కేకలేశాడో.

“గవర్రాజు బాబాయ్, మీరేంటి ఇక్కడ?” అంది.

“నీళ్లు లేవన్నానమ్మా.”

“ఉన్నాయా?”

“ఆ రోజు లేవు. ఇప్పుడున్నాయి.”

సువర్చల నవ్వింది. “ఇంకేం, ఐదు నిమిషాల్లో తేల్చేస్తాను. లోపలికి రండి” అని తలుపు తీసింది.

తలుపు అవతల చక్రధరం గారు నిలబడి ఉన్నారు. ఆయన భాషా సమన్వయాధికారి. తెల్ల చొక్కా, జేబులో మూడు రంగుల కలాలు. ఏ మాటైనా అంగుళం అంగుళం కొలిచినట్టు మాట్లాడతారు.

“డాక్టర్ గారూ, దుబాసీ లేకుండా మూల్యాంకనం జరగరాదు.”

“సార్, బాబాయ్‌ది తెలుగు. నాదీ తెలుగే.”

“అది తమ వ్యక్తిగత సౌలభ్యం. నిబంధన వ్యక్తిగత సౌలభ్యాలను పరిగణించదు.”

నిజం చెప్పాలంటే ఆ రూలు పుట్టడానికి మంచి కారణమే ఉంది. ఒకప్పుడు ఒడిశా నుంచి ఇటుకల బట్టీకి వచ్చిన మనిషొకడు దారి తప్పి ఇక్కడికి చేరాడట. ఏదో అంటుంటే, అర్థం లేని కేకలని రాసుకుని నాలుగు నెలలు ఉంచేశారట. చివరికి ఆ భాష తెలిసిన దుబాసీ వచ్చి ఒక్క నిమిషం విని, “తన ఊరి పేరు చెబుతున్నాడయ్యా, బస్సెక్కించమంటున్నాడు” అన్నాడట. అది విని సిగ్గుపడి, అవసరమైన చోట దుబాసీని పెట్టాలని రూలు చేశారు. తరవాత ‘అవసరమైన చోట’ అని ఉంటే అవసరం లేదని తప్పించుకునే వాళ్లు బయల్దేరతారని ఆ రెండు మాటలూ కొట్టేశారు. అప్పట్నుంచీ ప్రతి మనిషికీ దుబాసీ ఉండాల్సిందే.

“మీ పట్టీలో ఎవరెవరున్నారండి?” అని అడిగాను.

చక్రధరం గారు పట్టీ తీశారు. “ఒడియా నుంచి తెలుగుకి ఇద్దరు. తమిళం నుంచి తెలుగుకి ఒకరు. సవర భాషకు ఒకరు. మూగ చెవిటి వారి సైగలకు ఒకరు. తెలుగు నుంచి తెలుగుకి ఖాళీ.”

“ఎన్నాళ్లనుంచి?”

“పదవి సృష్టించిన నాటి నుంచి.”

ఇంతలో గవర్రాజు పెళ్లాం నూకరత్నం ఫోను. “నారు కొసలు ఎర్రబడతన్నాయి. తొందరగా తేల్చుకుని రమ్మను మావయ్యా” అంది. కాలవ పక్కనే ఉన్నా గట్టు ఎత్తు. మోటార్లు పెడదామంటే విచారణలో ఉన్న నీళ్లని ముట్టుకోకూడదన్నారట. ఆడవాళ్లు బిందెలతో మోస్తున్నారు.

నేను ఫోను జేబులో పెట్టి, “ఆ ఖాళీకి నేను పనికొస్తానా అండి?” అన్నాను.

చక్రధరం గారు నన్ను కిందనుంచి పైదాకా చూశారు. “మూల భాష వచ్చునా?”

“వచ్చండి.”

“లక్ష్య భాష?”

“అదీ వచ్చండి. ఒకటి మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను, రెండోది బడిలో.”

ఆయన ముఖం వెలిగింది. రెండు చోట్ల రెండు విడివిడిగా నేర్చిన మనిషి అంతకు ముందు దొరకలేదట.

మూడు రోజులు శిక్షణ. దుబాసీకి సూత్రాలు నేర్పారు. ఏదీ కలపకూడదు. ఏదీ తీసేయకూడదు. వాళ్ల మాట మీద మన రంగు పడకూడదు. ఇద్దరి మధ్యా అద్దంలా ఉండాలి. చెప్పకేం, సూత్రాలు బంగారంలాంటివి. కానీ నా సంగతి నాకు తెలుసు. నేను చేప పట్టానని చెప్పడం మొదలుపెడితే ఊరి చివరికి వచ్చేసరికి అది మొసలవుతుంది. అయినా నారుమళ్లు గుర్తు తెచ్చుకుని నోరు కట్టుకున్నాను. నాలుగోరోజు పరీక్ష పెట్టారు. ‘అన్నం తిన్నారా’ అన్న వాక్యాన్ని తెలుగు నుంచి తెలుగులోకి చెప్పమన్నారు. ‘అన్నం తిన్నారా’ అన్నాను. నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. గొంతులో కాస్త ఆప్యాయత కలిసిందని రెండు తగ్గించారు.

ధ్రువపత్రం మీద ‘తెలుగు–తెలుగు, ఇరువైపులా’ అని ముద్ర వేశారు. ఐదోరోజు గవర్రాజుకి మొదటి పరీక్ష.

గదిలో సువర్చల ఒక పక్క, గవర్రాజు ఒక పక్క, మధ్యన నేను. గోడకి ఆనుకుని చక్రధరం గారు. వరండాలో ‘బాబాయ్’ అని పిలిచిన పిల్ల, లోపలికి రాగానే అతని ముఖం చూడకుండా నాతో, “పరీక్షకు వచ్చిన వ్యక్తి బాగా నిద్రపోతున్నారో లేదో అడగండి” అంది.

“బాగా నిద్రపోతున్నారా?” అని అడిగాను.

“వినపడింది మావా. బాగానే పడతంది.”

“వినపడింది మావా, బాగానే పడుతోంది అంటున్నారండి. అసలు ఇతను నిద్రపోతే, గురకకి తూము మీది కొంగలు...”

“కలపరాదు” అన్నారు చక్రధరం గారు.

తరవాత వందలోంచి ఏడు, మిగిలినదాంట్లోంచి ఏడు, అలా తీసుకుంటూ పొమ్మన్నారు. గవర్రాజు నీటి లెక్కల మనిషి. ఊపిరి తీసుకోకుండా, “తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది, డెబ్బై రెండు, అరవై ఐదు” అని చదివేశాడు.

నేను చదివింది ఐదో తరగతి. ఎక్కాల రోజున చాలాసార్లు మామిడితోటలో ఉండేవాణ్ణి. “తొంభై మూడండి. ఎనభై ఆరండి. ఆ పైన డెబ్బైల్లో ఏవో రెండున్నాయండి. చివర అరవై చిల్లర” అన్నాను.

సువర్చల కలం ఆపి చక్రధరం గారి వైపు చూసింది.

“రికార్డులోకి ఎక్కునది దుబాసీ వాక్కు మాత్రమే” అన్నారాయన.

‘లెక్కలలో తడబాటు’ అని రాసింది. గవర్రాజు నా వైపు తిరిగి, “నిన్ను తీసుకొచ్చింది నారు ఎండబెట్టడానికా మావా?” అన్నాడు. రూలు ప్రకారం అది కూడా చెప్పాను. అదీ రాశారు.

అసలు దెబ్బ పద్నాలుగో ప్రశ్న దగ్గర తగిలింది. ఆ ఫారం పెద్ద పెద్దవాళ్లు తయారుచేసింది, ఎక్కడైనా అదే అడుగుతారట. సువర్చల చదివింది. “మీరన్న మాటల్ని వేరెవరో మళ్లీ పలుకుతున్నట్టు మీకు అనిపిస్తుందా?”

నేను దాన్నే మళ్లీ అడిగాను.

గవర్రాజు ఆలోచించాడు. “అనిపించడమేటి? పొద్దున్నుంచీ నువ్వు పలుకుతానే ఉన్నావు కదా.”

“అనిపించడమేటి, పొద్దున్నుంచీ నువ్వు పలుకుతానే ఉన్నావు కదా అంటున్నారండి.”

అవును అన్న గడిలో టిక్కు పెట్టాలి. సువర్చల పెట్టలేదు. “సార్, ఇక్కడ దుబాసీ నిజంగానే ఉన్నారు కదా” అంది.

“ఫారములో ‘దుబాసీ మినహా’ అని లేదు.”

“లేదంటే అబద్ధమవుతుంది. అవునంటే జబ్బవుతుంది.”

“మూడో గడి లేదు” అన్నారు చక్రధరం గారు. టిక్కు పడింది.

ఆయన చెడ్డవాడు కాదు. ఆ సాయంత్రమంతా కూర్చుని లోపం ఎక్కడుందో వెతికారు. దుబాసీ కళ్ల ముందు ఉండటం వల్ల పరీక్షకు వచ్చిన వ్యక్తి మనసు చెదురుతోందని తేల్చారు. మర్నాడు ఉత్తర్వు. ‘ఇకమీదట దుబాసీ కనబడరాదు.’ గదిలో తాడు కట్టి, ఆసుపత్రి ఆకుపచ్చ దుప్పటి వేలాడదీశారు. ఏడోరోజు నన్ను దాని వెనక కూర్చోబెట్టారు.

ఆ దుప్పటికి వేసిన మందు వాసనకి నాకు జలుబు చేసింది.

పదిహేనో ప్రశ్న. “కనబడని మనుషుల గొంతులు వినిపిస్తున్నాయా?”

“ఆయ్” అన్నాడు గవర్రాజు.

“ఆయ్ అంటున్నారండి” అన్నాను దుప్పటి వెనక నుంచి.

“ఆ గొంతు ఎక్కడ నుంచి వస్తోంది?”

“అదిగో, ఆ ఆకుపచ్చ దుప్పటి లోంచండి.”

“ఎవరిదో గుర్తుపట్టగలరా?”

“భద్రయ్య మావదండి. పొద్దున్నుంచి కాస్త బొంగురుపోయింది.”

సువర్చల గొంతు చిన్నదైపోయింది. “ఆ గొంతు మిమ్మల్ని ఏమైనా చేయమని ఆజ్ఞాపిస్తుందా?”

“ఇందాక కుర్చీలో కూచోమందండి. కూచున్నాను.”

దుప్పటి వెనకనుంచి నాకేమీ కనబడలేదు గానీ, కలం కాగితం మీద గీరుకుంటున్న చప్పుడు వినపడింది. వరుసగా మూడు టిక్కులు.

బయటికొచ్చాక సువర్చల వరండాలో నా పక్కన నిలబడింది. “తాతయ్యా, మా నాన్న నారు కూడా ఆ తూము కిందే ఉంది. ఇంటికి ఫోను చేస్తే, నీకు గవర్రాజు తెలీదా, ఇంకా తేల్చలేదా అని తిడుతున్నారు. నాకు తెలిసింది రాయడానికి వీల్లేదు. వింటే రాయడానికి వీల్లేదు. చూస్తే రాయడానికి వీల్లేదు. మీరంటే రాయాలి” అంది. ఆ పిల్ల ఎప్పుడూ తొణకదు. ఆ రోజు మటుకు చెప్పులు కాళ్లు మార్చి వేసుకుని వెళ్లింది.

చక్రధరం గారు మళ్లీ కూర్చున్నారు. దుప్పటి వల్ల గొంతు గదిలో ఉంటోంది, అదే లోపమన్నారు. గొంతు కూడా గదిలో ఉండకూడదు. అందుకని నన్ను మూడు గదుల అవతల సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. గవర్రాజు చెవిలో ఒక చిన్న మర పెట్టారు, దానికి వైరు. నేను అవతల మాట్లాడితే అతని చెవిలో పడుతుంది. మేమంతా సక్రమంగా ఉన్నామో లేదో చూడటానికి గోడకి కెమెరా బిగించారు. తొమ్మిదో రోజు అది.

పదహారో ప్రశ్న. “ఏదైనా యంత్రం ద్వారా మీ చెవిలోకి మాటలు పంపుతున్నారా?”

“ఆయ్. ఇదిగోనండి.”

“ఎవరు?”

“చక్రధరం గారే పెట్టించారండి.”

“ఎవరైనా మిమ్మల్ని రహస్యంగా గమనిస్తున్నారా?”

“రహస్యమేం కాదండి. గోడ మీద నుంచి.”

“పెద్ద పెద్ద అధికారులు మీ గురించి ప్రత్యేకంగా సమావేశమవుతున్నారని మీకు అనిపిస్తుందా?”

“మొన్న అయ్యారంటండి. నిన్న కూడా అయ్యారంట. టీ, జీడిపప్పు ఉండలు కూడా తెప్పించుకున్నారంట.”

మొత్తం కూడితే ఆ మండలి చరిత్రలోనే అన్ని మార్కులు ఎవరికీ రాలేదట. పూర్తిగా ముదిరిన కేసు. ఆరు వారాలు లోపల ఉంచి చూడాలని రాశారు. ఉంచేముందు ఆ సంగతి దుబాసీ ద్వారా మనిషికి చెప్పి, ముఖ్యమైన ప్రశ్నలు చివరిసారి అడగాలి. అది పదకొండో రోజుకి పెట్టారు. దుప్పటి ఉతకడానికి పోయింది, వైరు ఎలుక కొరికింది. కాబట్టి పాత పద్ధతిలో ముగ్గురం ఎదురుబొదురు కూర్చోవచ్చన్నారు.

ఆ పొద్దున్న నూకరత్నం ఫోను చేసింది. ఈసారి తిట్టలేదు. “మడి నెర్రెలిచ్చింది మావయ్యా. ఎల్లుండికి నీళ్లు రాకపోతే ఇంక మొయ్యడం మానేస్తాం” అంది. మళ్లీ నారు పొయ్యాలంటే విత్తనం లేదు, అదును ఉండదు. మూడూళ్లు ఆ ఏటికి ఖాళీగా ఉండాలి.

మేం దిగిన సత్రం అరుగు మీద గవర్రాజుని కూర్చోబెట్టి చెప్పాను.

“ఒరే, నీ మాటలు వేరే గొంతులో మళ్లీ వినపడుతున్నాయా అని అడుగుతారు. లేదను. ఒక్క మాట.”

“నువ్వు పక్కనే మాట్లాడతంటే లేదని ఎలాగంటాను?”

“నారు పోతోందిరా.”

“నాకు తెలీదా? మూడెకరాలు నాదే ఉంది. మావా, మొన్న నీళ్లు లేకపోతే ఉన్నాయని రాయమన్నారు. ఇవాళ గొంతుంటే లేదని చెప్పమంటన్నావు. ఆళ్లకీ నీకూ తేడా ఏటి?”

చుట్ట ముట్టించుకున్నాను. అతనికి కూడా ఇచ్చాను. ఇద్దరం కాసేపు కాల్చుకుని మండలికి వెళ్లాం.

సువర్చల పద్నాలుగో ప్రశ్న చదివింది. నేను అడిగాను.

“ఆయ్, వినపడతంది. నా మాటల్నే భద్రయ్య మావ మళ్లీ పలుకుతన్నాడు” అన్నాడు గవర్రాజు, గదంతా వినపడేలా.

నేను సువర్చల వైపు తిరిగాను. “లేదండి. ఏ గొంతూ వినపడటం లేదంటున్నారండి.”

గవర్రాజు కుర్చీలో కదిలాడు. “అదేటి మావా. నేను వినపడతందన్నాను.”

“ఏమంటున్నారు?” అంది సువర్చల.

“మీ ఆసుపత్రి శుభ్రంగా ఉందంటున్నారండి.”

గవర్రాజు లేచి నిలబడ్డాడు. “డాక్టరమ్మా, ఈయన అబద్ధం చెప్తన్నాడు. నువ్వు విన్నావు కదా, చెప్పు.”

“ఏమంటున్నారు?”

“ఇంటికి వెళితే నారుమళ్లకి నీళ్లు పెట్టుకుంటానంటున్నారండి.”

సువర్చల తల ఎత్తకుండా, “సార్, మీరు ఇక్కడే ఉన్నారు. మీకేమైనా వేరేగా వినిపించిందా?” అని చక్రధరం గారిని అడిగింది.

చక్రధరం గారు నోరు తెరిచారు. మూసుకున్నారు. ఆయనకి వినపడిందని ఆయన చెవులే చెబుతున్నాయి, ఎర్రగా అయిపోయి. ఆయన నిబంధనల పుస్తకం మీద చెయ్యి పెట్టి, నిదానంగా, “తెలుగు–తెలుగు భాషాజంటలో నాకు ధ్రువపత్రం లేదు. కనుక వినుటకు నాకు అధికారం లేదు” అన్నారు. కాస్త ఆగి, “అదీగాక, దుబాసీ పలకని మాట నాకు వినిపించిందని నేను ఒప్పుకుంటే, అది పదిహేనో ప్రశ్న కిందికి వచ్చును” అన్నారు.

సువర్చల రాసింది. లేదు. లేదు. లేదు. చివరి టిక్కు దగ్గర ఆ పిల్ల కళ్లు తడిశాయని చెబుదామనుకున్నాను గానీ, కలపరాదు కదా.

చక్రధరం గారి ముఖంలో మెల్లగా సంతోషం మొదలైంది. మూడుసార్లు ముదిరిన కేసు నాలుగోసారికి నయమైపోయింది. మందు లేదు, మాత్ర లేదు. మధ్యలో జరిగింది దుబాసీ ఒక్కడే. దుబాసీ వల్లనే మనిషి కోలుకున్నాడని నివేదికలో రాసి, తన చేత్తోనే ముద్ర వేశారు.

మధ్యాహ్నం బస్సుకి బయల్దేరాం. దారంతా గవర్రాజు కిటికీ వైపే కూర్చున్నాడు. నేను వేరుశనక్కాయలిస్తే తీసుకున్నాడు. తూము దగ్గర బస్సు దిగి, సీలు తీయించి, చొక్కా విప్పి హ్యాండిల్ అందుకున్నాడు. నీళ్లు పిల్లకాలవల్లోకి వెళ్లాయి. చివరన ఉన్న నా మడి దాకా రావడానికి చీకటిపడింది. మూడోవంతు నారు పోయింది. మిగిలింది నిలబడింది. నూకరత్నం బిందె గట్టు మీద బోర్లించి దాని మీదే కూర్చుంది.

అక్కడితో కథ అయిపోవాలి. మనిషి గవర్రాజు కాకపోతే అయిపోయేదే.

నాలుగో రోజున మండలికి అర్జీ రాశాడు. అక్కడ జరిగింది తప్పని, తను అవునన్నాడని. పది రోజులకి అది తిరిగొచ్చింది. ‘అర్జీ తెలుగులో ఉన్నది. ధ్రువపత్రము గల దుబాసీ ద్వారా, జతచేసిన ఫారములో రావలెను.’

మా మూడూళ్లకీ ఉన్న దుబాసీని నేనే. గవర్రాజు పొద్దున్నే ఫారం పట్టుకుని మా అరుగెక్కాడు. బస్సెక్కిన తరవాత నాతో మాట్లాడటం అదే మొదటిసారి.

“ఏదీ కలపకూడదు. తీసెయ్యకూడదు. నీకు నేర్పారుగా.”

“నేర్పార్రా.”

అర్జీ నా చేతిలో పెట్టి నిలబడ్డాడు. చదివాను. ‘అయ్యా, నేను క్షేమం. తూము తెరిచాను, నీళ్లు నాలుగడుగులు ఉన్నవి. నేను గొంతు వినపడుతున్నదనే చెప్పాను. దుబాసీ అబద్ధమాడినాడు. నన్ను మళ్లీ పరీక్ష చేయండి. ఈసారి డాక్టరమ్మని నేరుగా వినమనండి.’

ఇంతకన్నా ఆరోగ్యమైన కాగితం నేను చూడలేదు. ఇది చేరితే మళ్లీ మండలి, మళ్లీ సీలు. నాట్లు వేసి అప్పటికి వారం.

ఫారం తిప్పి చూశాను. తర్జుమాకి రెండు గీతలే ఇచ్చారు. మొదటి వాక్యం ఒక గీత మీదా, రెండో వాక్యం రెండో గీత మీదా, అక్షరం పొల్లు పోకుండా ఎక్కించి, ముద్ర వేసి, పోస్టు చేశాను. ఒక్క మాట కలపలేదు.

ఈసారి జవాబు వారానికే వచ్చింది. చక్రధరం గారు స్వయంగా రాశారు. ‘తమ స్వస్థత వార్త అందినది. మండలి విజయగాథలలో మొదటి పేజీన చేర్చబడినది.’

గవర్రాజు అది రెండుసార్లు చదువుకున్నాడు.

“మిగతాది ఏమయింది మావా?”

“గీతలు రెండేరా. చోటు చాల్లేదు.”

అతను ఫారం తీసుకుని గీతలు లెక్కపెట్టాడు. రెండే. తలూపాడు. నేను అబద్ధం చెప్పలేదని తేలింది కాబట్టి ముఖం కాస్త తేలికపడింది.

“అయితే మళ్లీ రాస్తాను. ఈసారి అసలు ముక్కే ముందు రాస్తాను. క్షేమం తరవాత.”

నేను కళ్లజోడు తీసి పంచె కొంగుతో చాలాసేపు తుడిచాను. “జోడు పాడైందిరా. కోతలయ్యేదాకా బాగుపడదు” అన్నాను.

గవర్రాజు జోడు వైపు చూశాడు. తరవాత చేను వైపు చూశాడు.

“అయ్యేదాకా ఆగుతాను” అని తూము మీదికి వెళ్లిపోయాడు.

ఆగుతానన్నాడంటే ఆగుతాడు. కోతలైన మర్నాడు పొద్దున్నే వస్తాడు.